కింది గొట్టం

అంఘరా తుక్కు యార్డు చివర, రేకుల షెడ్డులో
మూడు రోజులుగా మా నెత్తినెక్కి కూచుంది ఆ లారీ.
ఏ సైన్యానిదో తెలీదు.
తలుపు మీది అంకెల్ని ఎవరో ఇసకరంగుతో పూసేసినారు,
ఎండకి పెచ్చులూడి
ఒక ఏడు, సగం మూడు బయటికి తొంగిచూస్తాండాయి.
వేడి గేజి మీద అక్షరాలు మాకెవరికీ రావు.
ఎర్రగీత ఒక్కటే చదవగలం.

దాని వీపున ఇప్పుడు ట్యాంకు.
సాల్మీ దారెమ్మట ఒంటెలకి నీళ్లు మోస్తాది.
వెనక వెయ్యి గ్యాలన్లు తొణుకుతా ఉంటే
ముందు తాను దాహంతో ఉడికిపోతాది.
"బెంచల్, ఇరవై కిలోమీటర్లు బాగుంటాది, ఆపైన పొగ"
అన్నాడు అబూ మిష్అల్, వచ్చీరాని హిందీలో.
పెంచలయ్యలోని 'ప' ఆయన నోట పలకదు.
దిద్దడం మానేసి నాకు పదకొండేళ్లు.

మొదట మూత మార్చినాం.
బెల్టు బొటనవేలితో నొక్కితే అరంగుళం, సరిగ్గా.
రేడియేటర్ని పడుకోబెట్టి యాసిడ్ తాపితే
సున్నం కక్కింది, తుప్పు కక్కింది,
కడిగినాక ఒక మూల ఇత్తడి అతుకు తేలింది,
రూపాయి బిళ్లంత.
రాయి తగిలితే పడే చిల్లు కాదది.
దస్తగిరి మామ దాని మీద వేలు పెట్టి
కాసేపు తీయలేదు.
"అతికినోడు పనోడే" అన్నాడు. అంతే.

మర్నాడు థర్మోస్టాటుని టీ గిన్నెలో వేసి కాగబెట్టినాం.
నీళ్లు మసలకముందే
నిద్ర చాలిన బిడ్డ మాదిరి మెల్లగా కళ్లు తెరిచింది.
దాని తప్పేం లేదు.
సాయంత్రం అదే గిన్నెలో టీ కాస్తే ఎవరూ ఏమీ అనలేదు.

"హెడ్ గ్యాస్కెట్టు పోయింటాది, విప్పేయండి"
అన్నాడు పక్క షెడ్డు నజీబుల్లా.
"విప్పేదానికేం తొందర" అన్నాడు మామ,
"అడగాల్సినవి ఇంకా ఉండాయి."

నిలబెట్టి నడిపితే గంటైనా సూది కదలదు.
బరువుతో ఎత్తెక్కితేనే జ్వరం.
జబ్బేమో పరుగులో ఉంది,
మేం కూచోబెట్టి నాడి చూస్తాండాం.

మూడో రాత్రి, నేల ఇంకా పగటిని వదలని వేళ
మామ టార్చి పట్టుకుని కింద దూరినాడు.
"తొక్కు. ఇంకా తొక్కు. అట్నే పట్టు."
ఇంజను మోతలోంచి ఆయన నవ్వు.
"ఒరే పెంచలా, పెడలు ఓబులేసుకిచ్చి దిగి రా."

రేడియేటరు అడుగునించి పంపుకి పోయే గొట్టం,
పగలంతా పదిసార్లు పిసికి
బాగుందనుకున్న గొట్టమే,
బీడీ లాగేవాడి దవడల్లా
లోపలికి పీక్కుపోయి అంటుకోనుంది.
ఓబులేసు కాలు తీస్తే
మళ్లీ గుండ్రంగా ఉబ్బింది,
ఏమీ ఎరగనట్టు.

కోసి చూస్తే లోపల ఉండాల్సిన స్ప్రింగు
అరచేతిలో ఎర్రపొడై రాలింది.
పైన రబ్బరు నున్నగా ఉంటే
లోపల వెన్నుందా లేదాని ఎవరడుగుతారు?

ఆ కొలతకి కొత్తది కువైట్లో ఎక్కడా దొరకలా.
క్యాంపులో ఒక ఖాళీ మంచం ఉంది,
మార్చిలో అకామా అయిపోయి వెళ్లినోడిది.
దాని పరుపులోంచి స్ప్రింగు పీకి
సాగదీసి, చుట్టి, కొత్త రబ్బరులో దూర్చినాం.
"ఎన్నాళ్లు మామా?"
"ఇదీ తుప్పు పట్టేదాకా."

తెల్లారుజామున ట్యాంకు నిండుగా
సాల్మీ ఎత్తు మీద నేనే నడిపినా.
సూది ఎర్రగీత దాకా పోయి,
ఏదో ఆలోచించుకుని, వెనక్కొచ్చింది.
అప్పుడే మోగింది ఫోను, రాయచోటి నుంచి.
"బాగుండావా?"
ఆ మాటకి బండి పక్కన ఆపి,
ఊపిరి కుదురుకున్నాక
బాగుండాననడం నా అలవాటు.
ఈసారి ఆపలేదు.
మూడో గేరుకి దించి
ఎత్తు మీద లాగుతానే చెప్పినా
ఉన్నదున్నట్టు.